దిమ్మల మేస్త్రీ మోకాళ్ళు

దిమ్మల మేస్త్రీకి ఉన్నది ఒక్కటే పిచ్చి. కంటబడిన ఏ కుర్చీనీ ఉన్న ఎత్తులో ఉండనివ్వడు. చంకలో ఎప్పుడూ ఒక గోనెసంచి, దాని నిండా చెక్క దిమ్మలు. ఎవరింటికి వెళ్ళినా మనుషుల మొహాలు తర్వాత, ముందు కుర్చీ కాళ్ళు చూస్తాడు. "అబ్బే, మరీ నేలబారుగా ఉంది. మోకాళ్ళు ఏమైపోవాలి!" అని నాలుక చప్పరించి, గొంతుక్కూర్చుని, నాలుగు కాళ్ళ కిందా నాలుగు దిమ్మలు తోసి, చటుక్కున లేచి చేతులు దులుపుకుంటాడు. కాలు జారకుండా ప్రతి దిమ్మకీ మధ్యలో గుంట కూడా తొలిచి ఉంటుంది. పిచ్చయినా పనితనం ఉన్న పిచ్చి.

వడ్రంగం మానేశాక, చనిపోయిన అన్నగారి ఇంట్లోనే వెనకగదిలో ఉంటున్నాడు. ఇంట్లో వదినగారు, ఆవిడ కొడుకు, కోడలు. ఒకరోజు ఉన్నట్టుండి, "నా మోకాళ్ళు పోయాయి, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను" అని ప్రకటించి ఇంట్లో కుర్చీలన్నీ లేపేశాడు. కుర్చీలు లేచాక అన్నం బల్ల తొడల మీదికొచ్చింది. బల్లనూ లేపాడు.

"చినమామయ్యా, ఇంకాస్త లేపారంటే ఫాను మనందరికీ క్షవరం చేస్తుంది" అంది కోడలు.

కొడుకు పొట్టివాడు. "ఇంత వయసొచ్చి అన్నం తింటుంటే నా కాళ్ళు గాల్లో ఊగుతున్నాయి బాబాయ్!"

"ఊపు నాయనా, ఊపు. మోకాళ్ళకి మంచిది."

ఇంట్లో లేపడానికి ఏమీ మిగలక వీధిలో పడ్డాడు. మంగలి షాపులో బెంచీ లేపాడు. గెడ్డం కోసం వచ్చిన పెద్దమనుషులు గోడెక్కిన పిల్లల్లా వరసగా కాళ్ళాడిస్తూ కూర్చున్నారు. "మేస్త్రీగారూ, ఇది షాపా, ఉయ్యాలా?" అని మంగలి మొత్తుకున్నాడు. అయితే దిమ్మలు తీయబోతే ముసలివాళ్ళంతా కలిసి అతని మీద పడ్డారు. ఇన్నాళ్ళకి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తున్నామన్నారు.

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది వదినగారు. ఆవిడ నోరు మంచిది కాదని ఆవిడే ఒప్పుకుంటుంది. "ఏమయ్యా, ఇది ఇల్లా, పిట్టగూడా? గుమ్మం కింద కూడా దిమ్మలు పెట్టు, ఎగిరి లోపలికొస్తాం" అనేది. అందరూ నవ్వేవారు. ఆవిడ మాత్రం ఆ నవ్వుల సందున తన చేతుల కుర్చీలోంచి గబుక్కున లేచి వెళ్ళిపోయేది.

లేవగలిగేది కాబట్టి. అదీ ఆవిడ గుట్టు.

దిమ్మలు రాకముందు ఆ కుర్చీ అంటే ఆవిడకి నుయ్యి. కూర్చోవడం దిగడమే, ఎక్కడం మాటే లేదు. గదిలో ఎవరూ లేరని చూసుకుని, పక్కనున్న కిటికీ ఊచ రెండు చేతులా పట్టుకుని, పళ్ళు కరుచుకుని లేచేది. ఎవరైనా ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా కబుర్లు చెబుతూ కూర్చునేది. పక్కింటావిడ దాన్నే అభిమానమనుకుని రెండుపూటలా రావడం మొదలుపెట్టింది. నొప్పికంటే ఆవిడకి భయం ఎక్కువ. కొడుక్కి తెలిస్తే ఆసుపత్రికి తీసుకెళతాడు. ఆసుపత్రిలో కోస్తారు. వడ్రంగుల ఇంటి కోడలు కాబట్టి కోత అనగానే ఆవిడ కళ్ళముందు రంపం ఆడేది. బల్ల మీద తన కాలు, కింద రాలుతున్న పొట్టు.

ఇలా ఉండగా కొడుకు వచ్చి బాంబు పేల్చాడు.

"బాబాయ్, రేపు మా ఆఫీసరుగారూ వాళ్ళమ్మగారూ టీకి వస్తున్నారు. ఈ దిమ్మలన్నీ తీసెయ్. ఆయన ముందు నేను కాళ్ళూపుతూ కూర్చోలేను."

"అలాగే నాయనా" అన్నాడు మేస్త్రీ.

"పాపం, ఉండనివ్వరా. మీ బాబాయికి మోకాళ్ళు..." అని గొణిగింది వదినగారు.

"నువ్వేనా అత్తయ్యా ఈ మాటనేది!" అని కోడలు నోరు వెళ్ళబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఒక్క కుర్చీ కిందా దిమ్మ లేదు. తన కుర్చీ కింద కూడా వంగి చూసింది. ఖాళీ. కిటికీ ఊచ ఉందిలే అనుకుంది. కానీ అంతమంది ముందు కోతిలా ఊచ పట్టుకుని వేలాడడమా? వాళ్ళొచ్చినంతసేపూ నిలబడే ఉందామనుకుంది. ఆఫీసరు తల్లి వింటేనా! "మీరు కూర్చోకపోతే నేనూ కూర్చోను" అని పట్టుబట్టింది.

"కూర్చోండి వదినా" అన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ.

నూతిలో దూకేదానిలా కళ్ళు మూసుకుని కూర్చుంది. టీ తాగిందో వేణ్ణీళ్ళు తాగిందో తెలియదు. వాళ్ళు సెలవు తీసుకుంటూ లేచారు. అందరూ లేచారు. ఆఫీసరు తల్లి దగ్గరకొచ్చి, "వెళ్ళొస్తానండీ" అని రెండు చేతులూ పట్టుకుంది. ఊచ కూడా అందకుండా పోయింది. కొడుకు చూస్తున్నాడు. కోడలు చూస్తోంది. ఇక అయిపోయింది నా బతుకు, రంపమే గతి అనుకుని ఆవిడ కాళ్ళమీద బరువు వేసింది.

లేచి నిలబడింది.

ఎలా లేచిందో ఆవిడకే తెలియలేదు. గుమ్మందాకా సాగనంపింది కూడా. వచ్చి చూస్తే మేస్త్రీ ఆవిడ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, దాని కాళ్ళని గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పుడు కనిపించింది. నాలుగు కాళ్ళ చివరా దిమ్మంత ఎత్తున కొత్త చెక్క అతికి ఉంది. అతుకు తెలియకుండా పాత రంగులో కలిసిపోయేలా వార్నీషు పూశాడు.

ఆవిణ్ణి చూసి అతను చటుక్కున లేచాడు.

"ఆగు" అంది వదినగారు. "మళ్ళీ కూర్చో."

కూర్చున్నాడు.

"లే."

లేచాడు. చెయ్యి ఆనలేదు, మూలగలేదు.

"గుర్రంలా ఉన్నావు కదయ్యా! నీ మోకాళ్ళకేం రోగం?"

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "నాకేం లేదు వదినా. కిటికీ ఊచ వదులైంది. రోజూ ఎవరో పట్టుకు లాగుతున్నారు. వడ్రంగివాణ్ణి, తెలియకుండా ఉంటుందా? మీ ఒక్కరి కుర్చీ లేపితే మీరు నా తల పగలగొడతారు. అందుకని అందరివీ..."

"మంగలి షాపు కూడానా?"

"మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు."

వదినగారు కిటికీ ఊచ పట్టుకుని కదిపి చూసింది.

"మోకాళ్ళ వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఒకావిడ దగ్గరికి కూడా వెళ్ళాను" అన్నాడతను నెమ్మదిగా. "నాకే నొప్పి అని చెప్పాను. కాళ్ళు వంచి చూసి, ఈ మోకాళ్ళతో నిచ్చెనలెక్కి సున్నాలు వేసుకోవచ్చు, అసలు మనిషిని తీసుకురండి తాతగారూ అంది."

"కోస్తుందా?"

"ఆవిడ దగ్గర కత్తే లేదు వదినా. చాలామందికి తొడల్లో బలం తెప్పిస్తే నొప్పి చాలావరకు దారికొస్తుందట. ఎత్తు కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు పట్టుకోవాలట. కర్ర పట్టుకుంటే నొప్పిలేని వైపు చేత్తో పట్టుకోవాలట. మీ కాలు చూడకుండా మాత్రం ఇంకేం చెప్పనంది."

వదినగారు చీర సర్దుకుని, చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికి అత్తయ్యా?" అంది కోడలు వంటింట్లోంచి.

"మీ చినమామయ్యకి మోకాళ్ళు చూపించాలమ్మా. ఒక్కడూ వెళ్ళడానికి భయపడుతున్నాడు, తోడు వెళుతున్నాను."

మేస్త్రీ వెంటనే నడుము వంచి కుంటడం మొదలుపెట్టాడు. గుమ్మందాకా ఎడమ కాలు కుంటాడు. మెట్ల దగ్గర మరిచిపోయి కుడి కాలు కుంటాడు. వీధిలోకి రాగానే ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ ఏ కాలు కుంటమంటారు వదినా?"

వదినగారు అటూ ఇటూ చూసింది. వినేవాళ్ళెవరూ లేరు.

"కుడిది" అంది. "నాదీ అదే."