నా మూడు నిమిషాల శ్రోత

మా పక్కింటి అత్త మొన్న మంగళవారం ఉదయం కన్నుమూసింది. నేను గుమాస్తాగా పనిచేసే బియ్యం మిల్లుకు ఆమె కూతురు ఫోన్ చేసి, "బావా, అమ్మ పోనాది" అని మాత్రం చెప్పింది.

ఆమె నాకు రక్తబంధువు కాదు. సముద్రపుటొడ్డున పుట్టి, ఎండుచేపల వ్యాపారం మీద కోటబొమ్మాళి చేరి, మా గోడ పక్కనే జీవితమంతా గడిపిన మనిషి. నేను పగలు మిల్లులో పనిచేస్తూ రాత్రి కళాశాలలో పట్టా పొందినవాణ్ని. నలభై దాటాక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరాను. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను. అయితే ఆ చదువు ఎంతవరకు వచ్చిందని నన్ను అడిగిన మనిషి మా వీధిలో ఆమె ఒక్కతే.

నా పరిశోధనాంశం ఒడ్డున ఇసుక మీద ఆరబెట్టే ఎండుచేపల నిల్వ. ఒక ఏడాది విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థులకు పోటీ పెట్టింది. ఏళ్ల తరబడి చేసిన పనిని, ఆ శాస్త్రం తెలియని మామూలు జనానికి మూడు నిమిషాల్లో చెప్పాలి. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారైన తోటి విద్యార్థులు ఒకరికొకరు చెప్పుకొని సాధన చేసేవారు. నాకు అత్త ఉంది.

సాయంత్రం ఆమె అరుగు మీద చాటలో నెత్తళ్లు, ఆ వేలెడంత ఎండుచేపలు, పోసుకొని, తలలు తుంచుతూ కూర్చునేది. నేను ఎదురుగా నిలబడి చెప్పేవాణ్ని. అర్థమైనంతసేపు ఆమె చేతులు ఆడతాయని, కానప్పుడు ఆగుతాయని రెండు రోజుల్లో గ్రహించాను. 'ఆర్ద్రత' అన్నప్పుడు ఆగాయి.

"అదేటి బావూ?"

"తేమ, అత్తా."

"మరి తేమనే సెప్పు. ఆలకి తెలీదా, నీకు తెలీదా?"

అలా ఆమె చేతులు ఆగిన చోటల్లా కొట్టేస్తూ పోయాను. ఒక్క వాక్యం దగ్గర మాత్రం అవి రోజూ ఆగేవి: 'తేమ పైనుంచి కాదు, చల్లబడిన ఇసుకలోంచి చేపకు ఎక్కుతుందని నేను గుర్తించాను.' గుర్తించాను తీసి కనుగొన్నాను అన్నాను. ఆగాయి. తెలుసుకున్నాను అన్నాను. అయినా ఆగాయి. చదువులేని మనిషికి ఇంతకన్నా సులువుగా ఎవరూ చెప్పలేరని సరిపెట్టుకొని, వాక్యాన్ని అలాగే ఉంచాను.

పోటీనాడు ఆమె ఉతికిన చీర కట్టుకొని నాతో వచ్చి, మూడో వరసలో కూర్చుంది. ఒళ్లో చేతులు ఖాళీగా ఉన్నాయి. మూడు నిమిషాల గంట మోగకముందే ముగించాను. రెండో బహుమతి ఇచ్చారు. తిరుగు బస్సులో, సంతలో తనతో బేరమాడేవాళ్లకు కూడా అలాంటి గంట ఒకటుంటే బాగుండునని నన్ను నవ్వించింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ మెల్లగా అడిగింది.

"ఇసుక సల్లబడకముందే సేపలెత్తీమని, తేమ కిందనుంచే ఎక్కుతాదని నీకు సెప్పిందెవులు బావూ?"

ఆమే. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది, నోటుపుస్తకం పట్టుకొని నేను వెళ్లిన రోజున, అదే అరుగు మీద చెప్పింది. ఆ వాక్యం ఆమెకు మొదటినుంచీ అర్థమవుతూనే ఉంది.

"మూడు నిమిషాల్లో అన్నీ పట్టవు కదత్తా" అన్నాను.

"అవున్లే. సిన్న బుట్ట."

ఆమె మళ్లీ ఆ మాటెత్తలేదు. నాకు కూర పంపడం మానలేదు. పట్టా ఉన్నవాణ్నన్న బిగువుతో నేను తప్పు ఒప్పుకోలేదు. సిద్ధాంత గ్రంథం ముందుమాటలో ఆమె గురించి నాలుగు వాక్యాలు రాసి, పుస్తకం చేతికి వచ్చాక చదివి వినిపించవచ్చని ఊరుకున్నాను. పుస్తకం ఇంకా బైండింగులోనే ఉంది.

మంగళవారం సాయంత్రం దహనం ముగిసి చుట్టాలు స్నానాలకు వెళ్లినప్పుడు, నేను ఆ అరుగు ఎదుట నిలబడ్డాను. కాగితం అక్కరలేదు, ఆ మూడు నిమిషాలు నాకు కంఠస్థం. మొదటినుంచి చెప్పాను. ఆ వాక్యం దగ్గర ఆగి, 'అని మా అత్త నాకు చెప్పింది' అని పూర్తిచేశాను.

అరుగు మూలన, పొద్దున ఆమె వదిలిన చాట అలాగే ఉంది. అందులో సగం నెత్తళ్లకు తలలు తుంచి ఉన్నాయి.