నాన్న తడిపిన హార్డ్‌బోర్డు... నేను ఆరబెట్టాను

మా చిన్నప్పుడు హార్డ్‌బోర్డు షీట్లు ఇంటికి రిక్షాలో వచ్చేవి... వెనకాల ఒకరు పట్టుకుని నడవాల్సిందే. లేకపోతే గాలి వాటాన్ని బట్టి రిక్షా ఒకవైపు, షీట్లు ఒకవైపు!

తెనాలిలో మా ఇంటి వాకిలే నాన్న పనిచేసే చోటు. నాన్న పేరు ఖాదర్ మేస్త్రి, వడ్రంగి. హార్డ్‌బోర్డు అంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు... చెక్కని పీచుపీచు చేసి, వేడి మీద గట్టిగా అదిమి చేసే పల్చటి గోధుమరంగు షీటు. ఒకవైపు చెయ్యి జారిపోయేంత నునుపు. రెండోవైపు గోనెసంచిలా గరుకు గళ్లు. పరీక్షలకి పట్టుకెళ్లే అట్ట గుర్తుందా... అదే ఇది.

ఆ అట్ట వల్ల నాకు తెలిసింది ఒక్కటే... దాన్ని తడవనివ్వకూడదు. నా అట్ట ఒకసారి వానలో నాని, మూలలు పొరలు పొరలుగా లేచిపోయాయి. రెండు రోజులు ఏడ్చాను.

ఒక ఏడు వేసవి సెలవుల్లో మా స్కూల్లో తెలుగు చెప్పే సరస్వతి టీచర్ నాన్నకి ఒక పని అప్పజెప్పారు. వాళ్ల ముందు గది మధ్యలో హార్డ్‌బోర్డుతో పార్టిషన్ కట్టాలి. అది బాగా కుదిరితే స్కూల్లో గదుల మధ్య పార్టిషన్లు కూడా నాన్న చేతే చేయించమని హెడ్‌మాస్టర్ గారికి చెబుతానన్నారు. అంత పెద్ద పని నాన్నకి అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ వారమంతా అన్నం తింటూ కూడా కొలతలే మాట్లాడాడు పాపం.

ఒక సాయంత్రం ముక్కలన్నీ కోసి, గళ్ల వైపు నీళ్లు చల్లి, తడిగుడ్డతో అంతా సమంగా తడిపి, గళ్ల వైపులు ఒకదానికొకటి ఆనేలా దొంతరగా పేర్చాడు. తెల్లారగానే అమ్మతో కలిసి రేపల్లెలో పెళ్లికి వెళ్లిపోయాడు. నేను మా నాన్నమ్మ, దాదీ దగ్గర ఉండిపోయాను. ఆ పేర్చడం నేను చూడనేలేదు.

ఆ రోజే ఆడుకుంటూ ఆ దొంతరలో చెయ్యి పెట్టానా... తడి! ఎవరో నీళ్లు ఒలకబోశారనుకున్నాను. దాదీ కునుకు తీస్తోంది. ఒక్కొక్క ముక్కా లాక్కొచ్చి గోడకి ఆనించి ఎండలో పెట్టాను. ఒకవైపు ఆరాక రెండోవైపు తిప్పాను. మా తెనాలి మే నెల ఎండ సంగతి మీకు తెలిసిందే కదా... సాయంత్రానికి ఒక్క చుక్క తడి లేదు. మళ్లీ ఎలా ఉన్నవి అలా పేర్చేసి, నాన్న పరువు నేనే కాపాడానని తెగ మురిసిపోయాను.

వాళ్లు వచ్చేసరికి నిద్రపోయాను. లేచేసరికి నాన్న షీట్లతో సహా పనికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

వానలు పట్టాయి. ఒకరోజు క్లాసు అయ్యాక టీచర్ నన్ను పిలిచి, "మీ నాన్నగారిని ఒకసారి వచ్చి వెళ్లమనమ్మా" అన్నారు. నేనూ నాన్న వెంట వెళ్లాను. నీలం రంగు వేసిన పార్టిషన్ మధ్యలో బానపొట్టలా ముందుకొచ్చేసింది.

"నిన్న హెడ్‌మాస్టర్ గారు వచ్చి చూశారు మేస్త్రి గారూ... స్కూలు పని ఇంకొకరికి ఇచ్చేశారు. నేనేం చెప్పలేకపోయానండి" అన్నారు టీచర్.

నాన్న వేళ్లతో దాన్ని కొట్టి చూశాడు. "వెనకవైపు తడిపి, ఒక రోజు ఆగి బిగించాలండి టీచర్ గారూ. అప్పటికి నీళ్లు లోపలికి ఇంకి, పైకి పొడిగానే ఉంటది. తడికి కాస్త సాగుద్ది. మేకులు కొట్టాక ఆరి, డప్పులా బిగుసుకుంటది. ఎండిపోయినదాన్ని బిగిస్తే మాత్రం వానగాలికి సాగి, పోడానికి చోటు లేక ఇలా ఉబ్బుద్ది. కానీ నేను తడిపానండి... నా చేతుల్తోనే తడిపాను. ఎక్కడ పొరపాటు చేశానో తెలీటం లేదు."

అంటూ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు కూడా. కానీ ఇన్నేళ్ల పని తెలిసిన మనిషి తన చేతుల్ని తనే అనుమానించుకుంటుంటే తట్టుకోలేకపోయాను.

"నేనే నాన్నా... పాడైపోతాయని ఎండలో పెట్టేశాను" అని బావురుమన్నాను.

నాన్న నా వైపు చూశాడు. తర్వాత టీచర్ వైపు తిరిగాడు.

"తప్పు నాదేనండి. పొద్దస్తమానం పక్కనే తిరిగే పిల్ల... ఎందుకు తడుపుతున్నానో దానికో ముక్క చెప్పకుండా ఊరెళ్లాను. చెప్పుంటే అదే కాపలా కాసేది."

మళ్లీ కొత్త షీట్లు తెచ్చాడు. బకెట్టూ గుడ్డా నా చేతికిచ్చి, "గళ్ల వైపేనమ్మా... ఎక్కడా పొడి ఉండకూడదు" అని తను పక్కన కూర్చున్నాడు. ఆ పార్టిషన్ ఎన్ని వానలు చూసినా కదల్లేదు. స్కూలు పని మాత్రం మరి రాలేదు. నాన్న ఆ ఊసు ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్న మా ఇంట్లో రెడీమేడ్ అల్మరా బిగించడానికి ఇద్దరు వచ్చారు. మరలు బిగించి, గంటలో వెళ్లిపోయారు. మా అమ్మాయి ఏదో అడగబోతే "జరగమ్మా, తగులుద్ది" అన్నారు. వాళ్లనీ అనలేం... ఇంకా ఎన్ని ఇళ్లు తిరగాలో.

నాన్న ఇప్పుడు లేడు. ఆ రోజు నన్ను కొట్టి ఉంటే ఆ దెబ్బ ఎప్పుడో మర్చిపోయేదాన్ని...

మీరు చెడగొట్టిన పనిని తన తప్పని ఒప్పుకుని, అదే పనిని మళ్లీ మీ చేతికే ఇచ్చిన మనిషి మీకూ ఒకరు ఉండే ఉంటారు. ఎవరండీ వాళ్లు... రాయండి, ఒక్కటీ వదలకుండా చదువుతాను.