కగోయా నిలబడ్డ వరుస

బుసోగా సీమలోని ఒక ఊళ్లో పంచాయతీకి గెలిచిన మొదటి ఆడమనిషి నంగోబీ. గెలిచిన కొత్తలో ఆమె మొగుడు ఇసాబిర్యే సారా కొట్టు దగ్గర కూర్చుని, "మా ఇంట్లో నాయకురాలుంది, జాగ్రత్తగా మాట్లాడండి" అని మురిసిపోయేవాడు. ఆ నాయకురాలు మాత్రం సభలో కుర్చీల మీద కూర్చున్న మగవాళ్లతో మోకాళ్ల మీదే మాట్లాడేది. అక్కడి ఆడవాళ్లకు అదే మర్యాద.

ఒకరోజు తోటికోడలు కగోయా వాచిన చేతిని గుడ్డతో మెడకు కట్టుకుని వచ్చింది. కూడు ఆలస్యమైందని మొగుడు టిబెంకానా రోకలితో కొట్టాడు.

"అక్కా, ఈసారి ఊరుకోను. సభలో నువ్వున్నావు కదా, నా తరఫున మాట్లాడవా?"

ఆ మాట ఇసాబిర్యే చెవిన పడింది. "వాడు నా తమ్ముడే! ఇంటి సంగతి నలుగురిలో పెడతావా?"

"చెయ్యి విరిగిందయ్యా. దాచిపెడితే అతుక్కుంటుందా?" అంది నంగోబీ.

సభలో పెద్దాయన తేలిగ్గా తేల్చేయబోయాడు. "కోడినిచ్చి క్షమాపణ చెప్పు టిబెంకానా. ఇక లేద్దాం."

నంగోబీ మోకాళ్ల మీంచి లేచి నిలబడింది. "ఈ సంగతి పోలీసులకు అప్పగించాలి. కాదంటే నేనే వెళ్లి చెబుతాను."

"ఆహా, వదిన నిలువునా ఎదిగిపోయింది!" అని టిబెంకానా నవ్వాడు. మర్నాడు పోలీసులు వచ్చి పట్టుకుపోయేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. అత్త కగోయాను వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆమె పుట్టింటికి పోతే, తండ్రి వాకిట్లోనే ఆపేశాడు. "నీ పెళ్లికి వాళ్లిచ్చిన ఆవులు తిరిగివ్వమంటారు. ఎక్కడినుంచి తెచ్చేది? వెళ్లిపో తల్లీ." కగోయా తిన్నగా పోలీసుల దగ్గరికి వెళ్లి, తానే జారిపడ్డానని చెప్పి మొగుణ్ణి విడిపించుకుంది. అప్పటినుంచి నంగోబీ ఎదురైతే చూపు తిప్పుకునేది.

ఇసాబిర్యే నంగోబీ వండింది ముట్టడం మానేశాడు. తల్లి దగ్గర తిని, పడుకోవడానికి మాత్రం వచ్చేవాడు. పిల్లలు గిన్నెల వంకా తల్లి మొహం వంకా చూసేవారు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. అక్కడ చీట్లు ఉండవు, ఎవరికి ఓటేస్తే వాళ్ల వెనక అందరి ముందూ వరుస కట్టాలి. నంగోబీ వెనక ముసలి విధవలు కొందరు, ఇద్దరు ముగ్గురు పడుచులు నిలబడ్డారు. ఇసాబిర్యే అవతలి వరుసలో చేరాడు. ఆ వరుసలోనే మొగుడి పక్కన, సరిగా అతకని చేతిని కడుపుకి ఆనించుకుని, తల వంచుకుని కగోయా.

నంగోబీకి కోపం రాలేదు. అది వచ్చినా బాగుండేదనిపించింది.

ఓడిపోయిన వారానికి, ఆమె చిలగడదుంపలు తవ్వుతుంటే అరటితోటలోంచి ఎవరో పిల్ల మెల్లగా వచ్చింది. పెదవి చిట్లి ఉంది.

"నేనిప్పుడు ఏమీ కాదమ్మా" అంది నంగోబీ.

"తెలుసు పిన్నీ. అయినా ఇంకెవరితో చెప్పుకోను?"

నంగోబీ పార పక్కన పెట్టి, గట్టు మీద ఆ పిల్లకు చోటిచ్చింది.