రెయినో కాంగస్‌కు చలేసింది

మా ఊరి చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాస్తే మూడు ఘట్టాలు తేలతాయి. మొదటిది రాగి గని తెరవడం. రెండోది రాగి గని మూసెయ్యడం. మూడోది రెయినో కాంగస్ సెప్టెంబరులోనే బాయిలరు వెలిగించడం. మొదటి రెండింటికీ చర్చి ముందు ఇత్తడి ఫలకాలున్నాయి. మూడోదానికి ఫలకం లేదు గాని, జనం మాట్లాడుకునేది దాని గురించే.

అమెరికాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున బతికే ఫిన్నిష్ వాళ్ళం మేము. నవంబరులో జింకల వేట మొదలయ్యేదాకా ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు వెలిగించకూడదు. ఈ నియమం చట్టంలో లేదు, బైబిల్లోనూ లేదు. అందుకే ఎవరూ మీరరు. ముక్కు నీలంగా మారినా “ఈ పూట గాలి హాయిగా ఉంది” అంటాం. ఎవరి పొగగొట్టం మీద ముందుగా ఆవిరి కనబడుతుందో, వాళ్ళ పరువు ఆ ఆవిరిలోనే కలిసిపోతుంది.

రెయినో పరువు ఏటా అలాగే పోయేది. పోనీ బుకాయిస్తాడా అంటే అదీ లేదు. మొహం కందిపోతుంది, చూపు బూట్ల మీదికి దిగుతుంది, గొంతు నూతిలోంచి వస్తుంది. మాట మాత్రం మారదు.

“సిగ్గుగానే ఉంది. కానీ చలేస్తోంది.”

మంగలి ఆర్విడ్ దుకాణంలో ఈ విషయమై ఏటా విచారణ జరిగేది.

“ఒరేయ్ రెయినో, చెట్లింకా బట్టలు విప్పలేదు. నువ్వప్పుడే దుప్పట్లో దూరావుట్రా?”

“సిగ్గుగానే ఉంది ఆర్విడ్. కానీ చలేస్తోంది.”

“మొన్న శనివారం సౌనా ఆవిరిగదిలోంచి బయటికొచ్చి సరస్సులో దూకి ఈత కొట్టింది నువ్వే కదా?”

“నేనే.”

“అప్పుడు వెయ్యలేదా చలి?”

“అప్పుడు వెయ్యలేదు. ఇంటికెళ్ళాక వేసింది.”

ఆర్విడ్ కత్తెర రెండుసార్లు ఉత్తగాలిలో ఆడించి, ఎదురుగా ఉన్న తల మీద పడ్డాడు. ఆ తల నాది.

రెయినోది గని కంపెనీ వాళ్ళు కట్టిన జంట ఇల్లు. ఒకే కప్పు, మధ్యలో గోడ. గోడకి ఇటు రెయినో, అటు ఇంపీ సాల్మెలా. ఎనభై దాటిన ఈ ఇంపీ పెద్దమ్మ మా ఊళ్ళో పట్టుదలకు కొలమానం. కింద నేలమాళిగలో రెండు ఇళ్ళకూ కలిపి ఒకటే బాయిలరు. దాన్ని ఆడించే థర్మోస్టాట్ మాత్రం రెయినో గోడ మీద ఉంది. అంచేత అతనికి చలేస్తే ఆవిడా ఉడకాల్సిందే.

“ఆ అబ్బాయి నన్ను బంగాళదుంపలా ఉడకబెడుతున్నాడమ్మా,” అనేది చర్చి మెట్ల మీద. అబ్బాయికి అరవై దాటాయి.

అంతకుముందు చలికాలం పెద్దమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఇల్లు మరోసారి చల్లబడితే ఇక వృద్ధాశ్రమమే గతి అని డాక్టరు తేల్చేశాడు. “నా ఇల్లు చల్లగా ఉందని ఎవడన్నాడు?” అని ఆవిడ డాక్టరునే నిలదీసింది. ఎవడూ అనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ శరదృతువులోనే రెయినో స్మార్ట్ థర్మోస్టాట్ కొన్నాడు. గుండ్రటి నల్లటి అద్దం. వేడి ఎంత కావాలో తనే కనిపెట్టుకుంటుంది. దానితో పాటు గుండీ అంత తెల్లటి బిళ్ళ ఒకటి వచ్చింది. ఏ గదిలో పెడితే ఆ గది వేడిని పసిగట్టి అద్దానికి చేరవేస్తుందట. ఆ బిళ్ళ ఏదని మర్నాడు అడిగితే, ఎక్కడో పడిపోయిందన్నాడు, బూట్లకేసి చూస్తూ.

పాత థర్మోస్టాట్ ఊడదీస్తుంటే నేను టార్చిలైటు పట్టుకున్నాను. గోడలోంచి రెండే తీగలు బయటికొచ్చాయి. పాతదానికి తిండి అక్కర్లేదు. బాయిలరుతో వెలుగు, ఆరు అని చెప్పడానికి రెండు తీగలు చాలు. కొత్తదానికి అద్దం ఉంది, బుర్ర ఉంది. బుర్రకి రోజంతా కరెంటు మేత కావాలి, ఆ మేతకి మూడో తీగ కావాలి. రెయినో టోపీ తీసి ఆ రెండు తీగల ముందు అలాగే నిలబడ్డాడు.

“సిగ్గుగా ఉంది,” అన్నాడు.

“ఎవరి ముందోయ్?”

“దీని ముందు. తిండి పెట్టలేని ఇంటికి తెచ్చాను.”

చివరికి చిన్న ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి వంటింటి ప్లగ్గులో పెట్టి, సన్నటి తీగ గుమ్మం వెంబడి లాక్కొచ్చాం. అద్దం వెలిగింది. వంటింట్లో ఉన్న ఒక్క ప్లగ్గుకి రెండే నోళ్ళు. ఒకటి ఫ్రిజ్‌ది, రెండోది కరెంటు కాఫీ కుండది. ఎక్స్‌టెన్షన్ వైరు వేద్దామన్నాను. ఊరి అగ్నిమాపక దళంలో జీవితమంతా పనిచేసిన రెయినో, ఇల్లు తగలబెడదామా అన్నట్టు చూశాడు. కాఫీ పెట్టేటప్పుడు ట్రాన్స్‌ఫార్మరు పీకి, తాగడం అయ్యాక మళ్ళీ పెట్టాలని తీర్మానమైంది.

మా ఇళ్ళలో గుమ్మం తొక్కినవాడికి కాఫీ ఇవ్వకపోవడం కంటే వాణ్ణి తుపాకీతో కాల్చడం మర్యాద. కొత్త యంత్రాన్ని చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఎవరొచ్చినా రెయినో కాఫీ పెట్టాడు. కాఫీ పెట్టగానే యంత్రం ఆరిపోయింది. అతిథి కప్పు పట్టుకుని దాని ముందు నిలబడేసరికి నల్లటి అద్దంలో తన మొహమే కనబడింది. ఊళ్ళో అందరూ చూసిన ఆ యంత్రం వెలగగా చూసినవాడు ఒక్కడూ లేడు.

“పడుకుందా?” అన్నాడు ఆర్విడ్.

“ఇందాకటిదాకా మేలుకునే ఉంది. నువ్వొచ్చావు.”

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి జనం గుంపుగా వచ్చారు. కుండ మీద కుండ కాఫీ దిగింది. బాయిలరు మధ్యాహ్నమంతా చల్లగా పడుంది. కప్పుల చప్పుడు కాస్త తగ్గినప్పుడు గోడ అవతలి నుంచి పెద్దమ్మ దగ్గు వినబడింది. రెయినో మొహంలో ఎరుపంతా పోయింది. లేచి వెళ్ళి, సగం కాగిన కాఫీ కుండ ప్లగ్గు పీకేశాడు.

ఆ రోజు నుంచి అతని ఇంట్లో కాఫీ లేదు.

“మానేశావా?” అని దుకాణంలో ఆర్విడ్ కుర్చీ పట్టుకున్నాడు. “ఫిన్నిష్ వాడివై ఉండి? సిగ్గు లేదట్రా?”

“ఉంది,” అన్నాడు రెయినో. “చాలా ఉంది.”

చలి గురించి ఏమీ అనలేదు. అదే నాకు వింతగా తోచింది.

ఆ వారమే చెప్పకుండా అతని ఇంటికి వెళ్ళాను. బయట సరస్సు గడ్డకట్టి ఉంది. లోపల రెయినో చేతుల్లేని బనీనుతో, బార్లా తెరిచిన కిటికీ పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

“చలేస్తోందన్నావు?”

“వేస్తోంది,” అన్నాడు, నుదురు తుడుచుకుంటూ.

గోడ అవతలికి వెళ్ళాను. పెద్దమ్మ ఊలు కోటు విప్పేసి, బుగ్గలు ఎర్రగా, కాఫీ పెడుతోంది. కిటికీ గట్టు మీద, మంచు పట్టిన గాజుకి ఆనించి, గుండీ అంత తెల్లటి బిళ్ళ ఉంది.

“ఇదెక్కడిది పెద్దమ్మా?”

“రెయినో గడియారం బాగుచేస్తానని వచ్చి ఫ్రిజ్ మీద వదిలేసి పోయాడు. గడియారం బాగానే ఉందనుకో.”

“మరి ఇక్కడికెందుకు మార్చావు?”

ఆవిడ కప్పు నా ముందు పెట్టింది. “ఫ్రిజ్ మీద వెచ్చగా ఉంటుంది కదా నాయనా. అక్కడుంటే అటువైపు సరిగా కాగదు. ఆ అబ్బాయికి చలెక్కువ. ఇక్కడ పెడితే పాపం అతనికి హాయిగా ఉంటుంది.”

“నీకో?”

“నాకేం? నాకు చలెప్పుడేసింది?”

నేను కాఫీ తాగాను. ఆవిడ ఆ బిళ్ళను గాజుకి మరింత దగ్గరగా జరిపింది. గోడ అవతల మరో కిటికీ తెరుచుకున్న చప్పుడు వినబడింది.

రెయినో ఇంట్లో కాఫీ లేకపోయేసరికి ఊరు పెద్దమ్మ ఇంటికి మళ్ళింది. రెయినో కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని తాగేవాడు. వృద్ధాశ్రమం మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తడానికి వచ్చిన రోజున ఆయనా కాఫీ తాగి వెళ్ళాడు.

వసంతంలో బాయిలరు రిపేరుకి వచ్చిన మనిషి గోడలోంచి తీగ కొంచెం ముందుకి లాగి, తొడుగు చీల్చాడు. లోపల మూడో తీగ వెనక్కి మడిచి ఉంది, ఎవరూ వాడకుండా, బాయిలరు పెట్టిన నాటి నుంచీ.

“ఇక నీ వంటింట్లోనే కాఫీ పెట్టుకోవచ్చు,” అన్నాను.

“పెట్టుకోవచ్చు,” అన్నాడు రెయినో, బూట్లకేసి చూస్తూ. ఆ తీగను మళ్ళీ మడిచి, వేలితో గోడలోకి తోసేశాడు.

ఇంపీ పెద్దమ్మ కాఫీ కాస్త పలచగా ఉంటుంది.