పందొమ్మిది గంటల నలభై నిమిషాల విమానం

చదువు ముగిసి మెడలో కంపెనీ కార్డు పడిన కొత్తలో, లోకంలో లెక్క తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అని గట్టిగా నమ్మేవాణ్ని. హైటెక్ సిటీలో మా ఆఫీసు చేసే పనేమిటో చెబితే మీరు నవ్వుతారు. ఏ రెండు ఊళ్ల పేర్లు కొట్టినా వాటి మధ్య విమాన దూరమెంతో, ప్రయాణ సమయమెంతో చెప్పే వెబ్‌సైటు మాది. భూగోళం మీద తిన్నగా గీత గీయడం, ఆ దూరాన్ని విమాన వేగంతో భాగించడం, ఎక్కడానికీ దిగడానికీ ఓ అరగంట కలపడం. ఇంతే మా విజ్ఞానం. ఆ గీత మీద అసలు విమానం తిరుగుతుందా అన్నది మాకు అనవసరం. (హైదరాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఎంతసేపని అడిగితే అరగంట అని చెప్పేది. అందుకు ఆఫీసులో ఎవరూ సిగ్గుపడలేదు.)

మా మేనేజరును చాటుగా 'పైలట్ సారు' అనేవాళ్లం. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. (నేనూ ఎక్కలేదు, అది వేరే సంగతి.) నా ప్రొబేషన్ ముగియవచ్చింది, ఉద్యోగం ఖాయం కావాలంటే ఆయన సంతకం పడాలి. సరిగ్గా అప్పుడే, మా సైటుకు ప్రకటనలు ఇవ్వాలో వద్దో తేల్చుకోవడానికి బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంటి నుంచి బయలుదేరానని ఆయన మెసేజ్ పెట్టగానే పైలట్ సారు మా సైటే తెరిచి చూశాడు. పందొమ్మిది గంటల నలభై నిమిషాలని ఉంది. ఆ లెక్కన మర్నాడు పొద్దున్నే ఎయిర్‌పోర్టులో ఉండాలన్నాడు.

"సార్, ఆడి నుంచి ఈడికి నేరుగా విమానమే లేదు. రెండు చోట్ల మారాల. ఎప్పుడు దిగుతాడో ఆయన్నే అడుగుదాం," అన్నాను.

"మన సైట్‌ను మనమే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతడు? ఆయన్ని అడిగితే ఇజ్జత్ పోతది. జర ఫికర్ చేయకు, దండ తీసుకొని రా."

సంతకం గుర్తొచ్చి దండ తీసుకెళ్లాను. పొద్దున నిలబడ్డవాళ్లం సాయంత్రమైనా కదల్లేదు. పూలు వడిలాయి, పేరు రాసిన అట్ట వంగింది, పైలట్ సారు నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. "సైట్ కరెక్టే ఉంది. మనిషే లేటు," అని తేల్చాడు.

మర్నాడు ఆ పెద్దమనిషి క్యాబులో నేరుగా ఆఫీసుకే వచ్చాడు. నిన్ననే రావాల్సింది కదా అని పైలట్ సారు నొచ్చుకుంటూ అడిగాడు. ఏ విమానంలో అని ఆయన ఎదురడిగాడు. సారు గర్వంగా మా పేజీ చూపించి, నిన్నంతా దండతో ఎదురుచూసిన సంగతీ చెప్పాడు. నేను మనసులో వరుసగా రాసుకోవడం మొదలుపెట్టాను: కూకట్‌పల్లి హాస్టల్ ఖాళీ చేయడం, కొత్త ఉద్యోగం కోసం కన్సల్టెన్సీలకు ఫోన్లు, అమ్మకు చెప్పాల్సిన అబద్ధం.

ఆయన కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ప్రకటనలు ఇస్తానన్నాడు. తయారుచేసినవాళ్లే నమ్మి దండ పట్టుకు నిలబడ్డాక, చదివేవాళ్లు నమ్ముతారా అన్న సందేహం ఇంకెందుకట!

ఆ సాయంత్రమే సంతకం పడింది. లెక్క చెప్పినందుకు కాదు, దండ మోసినందుకు.

ఇప్పుడు పుప్పాలగూడలో కాపురం. సాయంత్రం ఆఫీసులో లేస్తూ మా ఆవిడకు ఫోన్ చేసి, "పావుగంటలో ఉంటా," అంటాను. తిన్నగా గీత గీస్తే అంతే మరి. అప్పట్లో పైలట్ సారును చూసి పళ్లు నూరిన నాలోని కుర్రవాడు ఇది వింటే ఏమనేవాడో! పెళ్లైన కొత్తలో మా ఆవిడ ఆ మాట నమ్మి అన్నం వడ్డించి పెట్టేది. ఇప్పుడు తొణక్కుండా ఒకటే అడుగుతుంది.

"గీత మీద వస్తున్నారా, రోడ్డు మీదా?"