ఒకే పేరున్న ఇద్దరు

మా ఇంటిపేరు ఇంగ్లీషుది. మా మామగారి తాతగారు, తనకు బాప్తిస్మమిచ్చిన మిషనరీ దొరగారి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారట. కృష్ణా జిల్లాలో మేమున్న ఊళ్లో ఆ పేరు మా ఒక్క ఇంటికే ఉండేది. డెబ్బైల చివర మిషిగన్‌లో నోవై దగ్గర కాపురం పెట్టి చూద్దును కదా, ఎటు చూసినా అదే! మా వెనక వీధికి ఆ పేరే, మేకులమ్మే షాపుకి ఆ పేరే, అంత్యక్రియలు చేసే హోముకీ ఆ పేరే.

"ఊరంతా మన చుట్టాలేనే, భోజనాలకి ఇన్వైట్ చేద్దామా?" అనేవారు మా ఆయన. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ హోము బోర్డు కనిపిస్తే తల పక్కకి తిప్పేసుకునేదాన్ని.

ఒక జనవరి మధ్యాహ్నం ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక మంచు ఎక్కువైంది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పేరూ ఇంటిపేరూ చెప్పి, కార్ యాక్సిడెంట్ అయింది, వెంటనే రమ్మన్నారు. ఎలా ఉన్నారంటే డాక్టర్ చెప్తారన్నారు. నాకు డ్రైవింగ్ రాదు. పక్కింటావిడ తీసుకెళ్లింది.

వెయిటింగ్ రూంలో ఒక తెల్లావిడ కూర్చుని ఉంది. మా అమ్మ వయసుంటుంది. వంట ఏప్రన్ మీదే కోటు వేసుకొచ్చేసింది. నర్సు వచ్చి మా ఇంటిపేరు పిలిచింది. ఇద్దరం లేచాం.

"మీ హస్బెండ్ పేరు?" అంది నర్సు. ఇద్దరం ఒకటే చెప్పాం. మేమూ బైబిల్లోంచే పేర్లు పెట్టుకుంటాం, వాళ్లూ అంతే. హైవే మీద గుద్దుకున్న కార్లలో ఇద్దరూ ఉన్నారట. ఒకరికి చేయి విరిగింది. రెండో ఆయన సంగతి నర్సు చెప్పలేదు. ఎవరు ఎవరో కనుక్కొస్తానని లోపలికి వెళ్లింది.

ఆ కాసేపట్లో నేను చేసిన ప్రార్థన ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయన కాకూడదని వేడుకోవడమంటే, ఆవిడ భర్త కావాలని వేడుకోవడమే. తెలిసే వేడుకున్నాను.

డాక్టర్ వచ్చి నేరుగా ఆవిడ పక్కన కూర్చున్నాడు. అంటే చేయి విరిగింది మా ఆయనకే. "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అని పైకే అనేశాను. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. తెలుగు రాదు కదా, తన కోసమే ప్రార్థిస్తున్నాననుకుంది కాబోలు, నా చేయి గట్టిగా పట్టుకుని, "థాంక్యూ, హనీ" అంటూ ఏడ్చింది.