ఓబులమ్మ మిద్దెకు గవాచి

మాది కోనసీమ. గండికోట చూద్దామని వెళ్తుంటే జమ్మలమడుగు దాటాక ఆటోకి పంక్చరయింది. డ్రైవరు దాన్ని బాగుచేసేలోపు నీడ కోసం పక్కనే కడుతున్న ఇంట్లోకి వెళ్ళాను. అప్పటికి సగమే కప్పు పడింది. ఇంటామె ఓబులమ్మ చాప వేసి కూర్చోబెట్టింది. పాత ఊరు రిజర్వాయరులో మునుగుతుందంటే, ఆ ఇంటి దూలాలు, నాపబండలు ఊడదీసి ట్రాక్టరులో తెచ్చుకుని, వాటితోనే మళ్ళీ ఇల్లు కట్టుకుంటున్నారట. ఇల్లు కూడా మనిషి వెంట వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

తగువంతా గవాచి దగ్గరే. వెలుతురు కోసం మిద్దె కప్పులో వదిలే కన్నాన్ని వాళ్ళు గవాచి అంటారు. కొడుకు అది వద్దంటున్నాడు.

"పాతూర్లో మిద్దెలన్నీ ఆనుకోని ఉండె. వానొస్తే ముందు ఎక్కినోళ్ళు అందరి గవాచులూ మూస్తాండ్రి. ఈడ ఎవురు మూస్తారుమా? నువ్వు ఎక్కలేవు. నేను పొద్దన పోతే మాపటికి గదా వచ్చేది."

"అట్లని పగలంతా చీకట్లో కూసోమంటావా నాయనా?"

కప్పు వేసే బేల్దారి పని ఆపి ఇద్దరి వైపూ చూస్తున్నాడు. నాకా, ఊరుకోవడం చేతకాదు. "మా ఇంట్లో కోళ్ళగూడు తలుపుకి తాడు కట్టామండి. ఇంట్లోంచే లాగితే మూసుకుంటుంది. దీనికీ ఒక రేకు మూత పెట్టి అలా కట్టకూడదా?" అన్నాను.

కొడుకు నవ్వాడు. "మాయమ్మకు కోళ్ళగూడు కట్టిస్తావా పెద్దమ్మా?"

ఓబులమ్మ నవ్వలేదు. "కోడికుండే వసతి నాకొద్దారా?" అని, బేల్దారి వైపు తిరిగింది. "అప్పా, ఆ తాడు నా మంచం కాడికి అందేట్టు సూడు."